మూల నల్లబడ్డ ఉత్తరం

మొన్న ఎమ్మిగనూరు నుంచి మా తమ్ముడి మనవరాలి పెళ్లిపత్రిక వచ్చింది. సెలవులకు మా ఆదోని ఇంటికి వచ్చిన నా మనవరాలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయ్యో అవ్వా, నాలుగు మూలలా కూర పడింది" అంటూ తడిగుడ్డ తెచ్చి పసుపంతా శుభ్రంగా తుడిచిపెట్టింది. శుభలేఖకు పసుపు పెడతారనీ, చావు కబురు మోసుకొచ్చే ఉత్తరానికి మూలన నలుపు పూస్తారనీ, ఆ ఉత్తరాన్ని గడప దాటనివ్వకుండా బయటే చదివి బయటే చించేస్తారనీ చెప్పాను. "లోపలేముందో చూడకుండానే ఏడ్చేవాళ్లా?" అని నవ్వింది. ఏడ్చేవాళ్లమే తల్లీ. ఒకసారి మా ఇంట్లో ఏడవడానికి ముందు కడుపు నింపుకుందామని కూడా కూర్చున్నాం.

అది బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతున్న చలికాలం. మా అమ్మకు సొంత అన్న కొడుకు, నాకు చిన్నప్పటి నుంచీ అనుకున్న బావ, ఆదోనిలో పత్తి మిల్లులో బేళ్లు మోసేవాడు. తాంబూలాలు పుచ్చుకున్న కొన్నాళ్లకే ఎవరికీ చెప్పకుండా పోయి మిలిటరీలో చేరాడు. ఎక్కడో జబల్‌పూర్‌లో ట్రైనింగు అన్నారు. పెళ్లి కాని పిల్లకు పెళ్లికొడుకు ఉత్తరం రాయడం ఎమ్మిగనూరులో మా నేతగాళ్ల వీధిలో ఊహకు అందని మాట. అందుకని ఉత్తరాలన్నీ మా నాన్న పేరుకే వచ్చేవి. నాన్నకు చదువు సంతకం వరకే. నాకు చదవడం వచ్చినా, పెళ్లి కాని పిల్ల ఆ ఉత్తరాలు చదవకూడదు. పోస్టుమాన్ మా అరుగు మీద తీరిగ్గా కూర్చుని, మజ్జిగ తాగి, గొంతు సవరించుకుని వీధంతా వినేలా చదివేవాడు. చివర్లో ప్రతిసారీ ఒకటే ముక్క, "ఇంట్లో అందరినీ అడిగినానని చెప్పండి." లోపల రాట్నం ముందు నూలు కండెలు చుడుతూ, ఆ "అందరి"లో నా వాటా ఎంతో నేను లెక్కేసుకునేదాన్ని. అది తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఆ ఒక్క ముక్కతో పదిహేను రోజులు నెట్టుకొచ్చేదాన్ని.

యుద్ధం మొదలయ్యాక ఆ ముక్క కూడా రావడం మానేసింది. బస్టాండు దగ్గర హోటల్లో రేడియో చుట్టూ జనం మూగేవాళ్లు. నాన్న రోజూ అక్కడికి పోయి వచ్చి, ట్రైనింగు అయ్యేదాకా పిల్లోళ్లను యుద్ధానికి పంపరని అమ్మకు చెప్పేవాడు. ఆ మాట ఎవరు చెప్పారో ఆయనకూ తెలియదు. అమ్మ ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంది.

ఒకరోజు భోజనాల వేళకు ముందు పోస్టుమాన్ వచ్చాడు. సైకిలు స్టాండు వేయలేదు, అరుగు మీద కూర్చోలేదు. నీలం రంగు ఇన్లాండు ఉత్తరాన్ని అరుగు అంచున పెట్టి, ఎగిరిపోకుండా చిన్న రాయి ఉంచాడు. "అన్నా, ఇది నేను సదవలేనన్నా. నా నోటితో వద్దు" అని నాన్న వైపు చూడకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. మగ్గం గుంటలోంచి నాన్న పైకొచ్చేసరికి అందరికీ కనబడింది. కాగితం మూల నల్లగా ఉంది. పైన చిరునామా ఎప్పటిలాగే ఇంగ్లీషులో, పరాయి చేత్తో ఉంది. బావకు తెలుగు తప్ప రాయడం రాదు, చిరునామా తోటి సిపాయి ఎవరో రాసిచ్చేవాడు. కాబట్టి పైచూపుకు అది ఎవరు పంపిందో తేలే దారి లేదు. పక్కింటి మగ్గం ఆగింది. ఆ పక్కదీ ఆగింది. కాసేపటికి వీధిలో చప్పుడన్నది లేకుండా పోయింది.

అమ్మ కూలబడింది. నాన్న ఉత్తరం వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. అప్పుడు మా అవ్వ, నాన్నను కన్నతల్లి, వంటింట్లోంచి వచ్చి, "దాన్ని ఎవురూ ముట్టుకోవద్దు. ముందు అందరూ తినండి" అంది.

"నా అన్న కొడుకే గదత్తా! ముద్ద యాడ దిగుతాది?" అంది అమ్మ.

"దిగకపోతే నీళ్లు తాగి దింపు. అది ఇప్పినాక ఇంట్లో మైల. పొయ్యి ముట్టియ్యకూడదు, సేసినదంతా పారబోయాల. పస్తులుండి ఎన్నాళ్లు ఏడుస్తారు?"

అవ్వది రాతిగుండె అనుకున్నాను ఆ రోజు. ఆమె ఎంతమందిని సాగనంపి ఆ తెలివి నేర్చుకుందో నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు. వరసగా కూర్చున్నాం. జొన్నరొట్టె, పుంటికూర పప్పు. తలుపు బార్లా తీసి ఉంది. గాలికి ఉత్తరం అంచు లేచి పడుతోంది. అందరం దాన్నే చూస్తూ రొట్టె తుంచుతున్నాం, ఎవరి చేయీ నోటిదాకా పోవడం లేదు. నాకు కోపం వచ్చింది. ఆయన బతికున్నాడా లేడా అన్నది అక్కడ అంత దగ్గర్లో ఉంటే, ఇక్కడ పప్పు నంజుకోవడమేమిటి? ఎంగిలి చేత్తోనే లేచాను.

"యాడికే? కూసో" అంది అవ్వ.

"నేను సదువుతా."

"నువ్వు సదవకూడదు. నీకు రాసింది కాదది."

"మల్ల ఎవురి కోసం వచ్చిందవ్వా?"

గడప దాటి ఎడమచేత్తో కాగితం చింపాను. నలుపు నా బొటనవేలికి అంటింది, జిడ్డుగా, మేం గ్యాసునూనె అనే కిరసనాయిలు వాసనతో. లోపల తెలుగులో 'మామకు' అని చూడగానే "బావే రాసినాడు!" అని అరిచాను. అమ్మ ఏడుపు ఎత్తుకుంది, అంతదాకా బిగబట్టుకున్నదంతా. నేను నిలబడే చదివాను.

"మామకు నమస్కారం. నేను బాగుండాను. ఈడ చలికి వేళ్లు కొంకర్లు పోతాండాయి. తెల్లారితే బూట్లకు నల్లరంగు పూసి, దాంట్లో మొగం కనపడేదాకా రుద్దల్ల. ఇప్పుడు గూడా ఒక చేత బూటు పట్టుకోనే రాస్తాండాను."

"బూట్లకు పూసేది తెచ్చి కాయితానికి పూసినాడా వీడు!" అని అవ్వ నెత్తి కొట్టుకుంది. వీధి వీధంతా నవ్వింది. ఆ నవ్వుల్లోనే నేను తర్వాతి వరుసలోకి పోయాను. అక్కడేముందో ముందు చూసుకోలేదు.

"ట్రైనింగు ముగియకముందే రేపు రైలెక్కిస్తాండారు. యాడికో సెప్పలేదు. మామా, ఈ మాట ఆ పిల్లకు సదివి ఇనిపించు. నేనొస్తే సరే. రాకపోతే నా పేరు సెప్పి దాన్ని కూసోబెట్టొద్దు. మంచి సంబంధం సూసి సెయ్యండి. నా మీద ఒట్టు."

అన్ని ఉత్తరాల్లో నా ఊసు ఎత్తడం అదే మొదటిసారి. అదీ నన్ను ఇంకొకరికి ఇచ్చెయ్యమని చెప్పడానికి. వీధంతా వింటుండగా నా నోటితోనే చదివాను. నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మీసం సరిగ్గా రాలే, సంబంధాలు సూడమంటాడు" అంటూ అవ్వ ఉత్తరం లాక్కుని, ఆ నలుపు మీద చిటికెడు పసుపు రుద్ది ఇంట్లోకి తెచ్చింది. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.

నేను మాత్రం ఆ ఉత్తరం తీసుకుని పైన వేసిన తారీఖు చూశాను. అది రాసినప్పటికి యుద్ధం మొదలై ఒకటి రెండు రోజులే. మా గడపలోకి వచ్చేసరికి వారం దాటింది. బాగున్నానని రాసిన రోజు బాగున్నాడు. రైలెక్కాడు. తర్వాత? అందరూ సంతోషంగా ఉన్నారు, ఈ మాట ఎవరితో అనను? అప్పటిదాకా లేని భయం, ఉత్తరం చదివాక పట్టుకుంది. రెండ్రోజులకు యుద్ధం ముగిసిందని రేడియో చెప్పింది, బస్టాండులో మిఠాయిలు పంచారు. నాకు ఇచ్చింది చేతిలోనే కరిగింది. ఉత్తరం రాలేదు. ఆదోని నుంచి బావ తల్లి, మా అత్త, వచ్చి అమ్మ పక్కన కూర్చుని పోయేది.

ఎండలు ముదిరే వేళకు ఆయనే వచ్చాడు, రేకుపెట్టె భుజాన వేసుకుని. రైలు దారిలోనే ఆపేసి వంతెనల కాపలాకు పెట్టారట. ఉత్తరాలు వేశానన్నాడు, అవి మాకెన్నడూ అందలేదు. ఇంటి వెనక ఒక్క నిమిషం దొరికితే, "ఆ మాట ఎందుకు రాసినావు?" అని అడిగాను.

"నువ్వే సదువుతావని యాడ అనుకున్నా" అన్నాడు తల దించుకుని. ఆనక నెమ్మదిగా, "సూసినారా సంబంధాలు?" అన్నాడు.

"సూస్తాండారు. బూట్లు లేనోడి కోసం" అన్నాను.

పెళ్లయ్యాక పదిహేనేళ్లు ఆయన ఎక్కడెక్కడి నుంచో రాశాడు, నా పేరుకే. ప్రతి ఉత్తరంలోనూ ముందు తారీఖు చూసి, ఆ తర్వాతే "క్షేమం" అన్న మాట నమ్మీ నమ్మనట్టు చదివేదాన్ని. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం చేసి పక్కగదిలో గురక పెడుతున్నాడు. మనవరాలు చెవులు మూసుకుంటోంది. నేను మూసుకోను. అది ఈ నిమిషానిదే, దానికి తారీఖు చూసుకోనక్కర్లేదు.