నలుగురి నడుములకు ఒకే నవారు

మొన్న ఆదివారం పొద్దున, టీ తాగేదాకా ఫోను ముట్టుకోకూడదని నాకు నేను పెట్టుకున్న నియమాన్ని ఎప్పటిలాగే తప్పి, మా ఫుట్‌బాల్ క్లబ్బు పాతవాళ్లందరం ఉన్న వాట్సాప్ గ్రూపు తెరిచాను. జట్టు వరసగా ఓడిపోతోంది కాబట్టి డిఫెన్స్ కోచ్‌ని తీసేశారనీ, అతని స్థానంలోకి బెంగళూరు మనిషినొకణ్ణి, గోవా మనిషినొకణ్ణి వీడియో కాల్‌లో చూస్తున్నారనీ ఎవరో రాశారు. ఆ తీసేసిన కోచ్ ఎవరో కాదు, మా బావమరిది, నా భార్యకు స్వయానా తమ్ముడు. చదవగానే అయ్యో అనిపించాలి కదా, నాకు ముందుగా కలిగింది సంతోషం. చిన్నదే, చిటికెలో పోయిందే, కానీ సంతోషమే. లోపలినుంచి మా ఆవిడ ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషికి ఉండవలసిన బుద్ధేనా ఇది అని సిగ్గుతో చచ్చిపోయి, ఆ పూట గడ్డం గీసుకోవడానికి అద్దం ముందుకు పోవడం కూడా మానేశాను.

మా తరం పాతబస్తీ వాళ్లకు ఫుట్‌బాల్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఏ గల్లీలో చూసినా క్రికెట్ బ్యాటే కానీ, మన చిన్నతనంలో సందులో నలుగురు చేరితే ముందు వెతికేది బంతిని, అది దొరక్కపోతే గుడ్డపీలికలు చుట్టి దారంతో బిగించి అయినా తన్నేవాళ్లం, రెండు చెప్పులు అటూ ఇటూ పెడితే అదే గోల్ పోస్టు. చార్మినార్ వెనక సందులో మా నాన్నది నవారు దుకాణం. మంచాలకు అల్లే ఆ వెడల్పాటి నూలు పట్టీ ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, అప్పట్లో దాని చుట్టలు మా దుకాణం కప్పుదాకా పేర్చి ఉండేవి, మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు వాటి మీదెక్కి నిద్రపోవడం నాకు ఇష్టమైన పని. నాన్న తర్వాత దుకాణం మా అన్నయ్య చూసుకున్నాడు, నేను బంతి వెంట పోయాను.

ఆడిందీ, నేర్పిందీ ఒకే క్లబ్బులో. మలక్‌పేట వైపు మైదానంలో ఆడే ఆ జట్టు పేరు ఇక్కడ ఎందుకు లెండి. ఆటగాళ్లను జీతాలిచ్చి పెట్టుకున్న అసలైన ప్రొఫెషనల్ జట్టు, దాన్ని నడిపేవాడు మిర్చి, పసుపు టోకు వ్యాపారం చేసే ఒక సేటు. హెడ్ కోచ్‌గా ఉన్న పెద్దాయన్ని అందరం చాచా అనేవాళ్లం. గోల్ కొట్టించే బాధ్యత చాచాది, వెనక వరసలో ఆడుతూనే తక్కినవాళ్లకు నేర్పి, గోల్ పడకుండా చూసే బాధ్యత నాది. ఆట తెలియనివాళ్ల కోసం ఒక్కమాట చెప్పాలి: వెనక కాపలా కాసే నలుగురు గీత గీసినట్టు ఒకే వరసలో ఉండాలి, అదను చూసి నలుగురూ ఒక్కసారిగా ముందుకు అడుగేస్తే వాళ్ల వెనక మిగిలిపోయిన అవతలివాడు ఆఫ్‌సైడ్ అవుతాడు, వాడు గోల్ కొట్టినా చెల్లదు. నలుగురిలో ఒక్కడు వెనకబడ్డాడా, మిగతా ముగ్గురి కష్టమూ గంగపాలే.

ఈ ముక్క కుర్రాళ్లకు నోటితో చెప్పి చెప్పి విసిగిపోయి, ఒకరోజు దుకాణంలోంచి నవారు చుట్ట ఒకటి స్కూటరు ముందు పెట్టుకుని మైదానానికి తెచ్చాను. నాతో సహా నలుగురి నడుములకూ, మనిషికీ మనిషికీ మధ్య కాస్త వదులు ఉంచి, ఆ నవారు కట్టేశాను. ఒకడు కదిలితే తక్కినవాళ్ల నడుము గుంజుకుపోయేది, ఒకడు ఆగితే అందరూ బోర్లా పడేవాళ్లు. చూడ్డానికొచ్చినవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. కానీ నాలుగు వారాలు తిరక్కుండానే మా వరస అలా కుదిరిందంటే, ఎంత పెద్ద జట్టు వచ్చినా మా మీద గోల్ వేయడానికి నానా తంటాలు పడేది. నన్ను అందరూ నవారు మాస్టర్ అని పిలవడం మొదలుపెట్టారు, నేనూ మీసం తిప్పుకుని తిరిగాను. ఆ నలుగురిలో మా బావమరిది ఒకడు. అప్పట్లో వాడు సెంటు పూసుకుని ప్రాక్టీసుకొచ్చే షోకిల్లా, నడుము కమిలిపోతోందని రోజూ వాళ్లక్కకు నా మీద చాడీలు చెప్పేవాడు.

మోకాలు దెబ్బతిని నేను ఆట మానేసి, గీత బయట బెంచీ మీద కూర్చుని నేర్పడం మొదలుపెట్టాక, మా బావమరిది కూడా ఆట విరమించి వేరే జట్టు పిల్లలకు నేర్పడానికి పోయాక, ఎక్కడ తేడా వచ్చిందో నాకు అర్థం కాలేదు. కొత్త కుర్రాళ్లకు అదే నవారు, అదే వరస, నేను ఇంకా గట్టిగా బిగించి కట్టేవాణ్ణి. అయినా మ్యాచులో అవతలివాడు బంతితో దూసుకుపోతుంటే, మావాళ్లు నలుగురూ నిలబడి పక్కవాడి వంక చూసేవాళ్లు. ఓటమి మీద ఓటమి. కింది డివిజన్‌లోకి దిగజారే పరిస్థితి వచ్చిన రోజున, జనంలోంచి ఎవడో ఒక నవారు చుట్టను మైదానంలోకి విసిరాడు. అది దొర్లుతూ విప్పుకుంటూ వచ్చి సరిగ్గా నా కాళ్ల దగ్గర ఆగింది. మా దుకాణం సరుకే, ఆ నీలం అంచు చూస్తే తెలిసిపోయింది. జనం నవ్విన నవ్వు మొదటి రోజుల నవ్వులా లేదు. ఆ వారమంతా చాయ్ హోటల్ ముందునుంచి పోవలసి వస్తుందని గాజుల దుకాణాల సందుల్లోంచి చుట్టూ తిరిగి ఇంటికి పోయాను. దుకాణానికి వచ్చినవాళ్లు మీ తమ్ముడు ఎట్లున్నాడని అడిగితే మా అన్నయ్య బేరం మాటల్లోకి దిగేవాడట.

మా క్లబ్బులో సేటుగారి తండ్రి కాలంనుంచీ ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరినైనా కోచ్ పదవిలోంచి తీసేస్తే, ఊరికే పొమ్మనేవాళ్లు కాదు. అతని స్థానంలోకి వచ్చేవాణ్ణి ఎంచుకునే రోజున అతణ్ణి కూడా పిలిచి కూర్చోబెట్టేవాళ్లు. వచ్చినవాళ్లను అందరితోపాటు అతనూ చూడాలి, చివరకు పేరు అతని నోటితోనే రావాలి, మెడలోని విజిల్ తీసి అతని చేత్తోనే కొత్తవాడికి ఇవ్వాలి. పాత కోచ్ పేరు చెప్పి ఆటగాళ్లు రెండు ముఠాలు కాకుండా ఉండటానికి పెట్టిన పద్ధతి అని చాచా అంటుండేవాడు. నా వంతు వచ్చేదాకా నాకూ అది మంచి పద్ధతిగానే తోచింది.

నన్ను తీసేశారనీ, కొత్తవాణ్ణి ఎంచుకోవడానికి రమ్మనీ సేటు మనిషిని పంపి కబురు చేసిన రోజున మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, తన తమ్ముడు కూడా ఆ ఉద్యోగానికి వస్తున్నాడని మెల్లగా చెప్పింది. వాడికి ఆ ధైర్యం ఎట్లా వచ్చిందని నేను కంచం ముందునుంచి లేచిపోయాను. పాపం ఆమె అటు తమ్ముడికీ నచ్చజెప్పలేక, ఇటు నాకూ నచ్చజెప్పలేక, చల్లారిన కూరను మళ్లీ వేడిచేసి పెట్టింది. ఆ రాత్రి నేను నిర్ణయించుకున్నది ఒక్కటే, వచ్చేవాడు ఎవడైనా సరే, వీడు మాత్రం కాకూడదు. పరాయివాడి ముందు తల దించుకుంటే ఒకరోజుతో పోతుంది, వీడి ముందు దించుకుంటే పండక్కీ పబ్బానికీ దించుకుంటూనే ఉండాలి.

సేటుగారి గిడ్డంగి మీది గది అది. కింద మిర్చి బస్తాలు కదిపినప్పుడల్లా ఆ ఘాటు పైకి వచ్చి, కూర్చున్నవాళ్లందరి కళ్లూ నీళ్లు కారుతుండేవి. సేటు, చాచా, నేను ఒకవైపు కూర్చున్నాం. ముందుగా వచ్చినాయన పెద్ద నగరాల్లో పనిచేసినవాడు, సర్టిఫికెట్లున్నవాడు, మర్యాదస్తుడు. మా జట్టులో లోపం ఏమిటని అడిగితే, పునాది బ్రహ్మాండంగా వేశారు, పిల్లలకు దమ్ము చాలడం లేదంతే అని నా వంక చూసి నవ్వాడు. ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది, ఈయన పేరే చెప్పేద్దామనుకున్నాను. సేటుకు కూడా ఆయనే నచ్చాడు. చాచా మాత్రం పాన్ నములుతూ రెండోవాణ్ణి కూడా చూద్దామన్నాడు.

మా బావమరిది లోపలికొచ్చి, నన్ను చూసి ఒక్క క్షణం తలుపు దగ్గరే ఆగిపోయాడు. సెంటు వాసన ఆ మిర్చి ఘాటులో కూడా తెలిసింది. అదే ప్రశ్న అడిగారు. వాడు చేతులు నలుపుకుంటూ, సేటుకు కాదు, నాకే చెప్పాడు.

"నవారు గుంజితెనే కదులుడు అలవాటైంది బావా పోరగాండ్లకు. మ్యాచ్‌ల నవారు ఉండదు గద. ఎవడు గుంజుతడా అని నిలవడి చూస్తున్నరు. మనం ఆడినప్పుడు గుంజింది నవారు కాదు, నువ్వు. నడిమిట్ల ఉండి ఒక్కొక్కని పేరు పెట్టి ఒర్రుతుంటివి గద."

నేను పక్కకు చూశాను, సేటో, చాచానో వాణ్ణి కసురుకుంటారని. సేటు తన ఉంగరం తిప్పుకుంటున్నాడు. చాచా నేలకేసి చూస్తున్నాడు. వాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. నా మొహం చూసి, నా మోకాలు చూసి, ఇన్ని రోజులూ చెప్పకుండా ఓడిపోతూ వచ్చారు. మైదానంలో నవారు చుట్ట నా కాళ్ల దగ్గరికి దొర్లుకుంటూ వచ్చినప్పుడు కూడా నాకు అంత సిగ్గు కలగలేదు. నేను కట్టిన ముడి విప్పాలని నాకు తట్టకపోవడం ఒక ఎత్తు, నా మీది జాలితో ఇంతమంది నోరు మూసుకోవడం ఇంకో ఎత్తు.

"బోలో మియా," అన్నాడు చాచా నా మోచేతి మీద చెయ్యివేసి. "నామ్ నువ్వే చెప్పాలె. నీ తర్వాత ఎవరు?"

నేను మా బావమరిది పేరు చెప్పాను. పెద్దమనసుతో చెప్పానని తర్వాత ఊళ్లో అనుకున్నారు, నేనూ కాదనలేదు. నిజానికి ఇంకో నిమిషం ఆ గదిలో కూర్చునే శక్తి లేక, సరైన పేరు చెబితే త్వరగా బయటపడవచ్చని చెప్పాను. విజిల్ తాడు చొక్కా గుండీకి చిక్కుకుంటే వాడే వచ్చి విడదీశాడు. నా కళ్లలో నీళ్లు చూసి సేటు మిర్చి బస్తాలవాళ్లను తిట్టాడు. మెట్లు దిగుతుంటే వెనకనుంచి వాడు పిలిచాడు: "బావా, కోపమొచ్చిందా? అబద్ధం చెప్పబుద్ధి కాలే." నేను స్కూటరు స్టార్ట్ చేసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత జట్టు నిలదొక్కుకుంది. వాడు నవారు అవతల పారేసి, ఒకడి పేరు ఒకడు పెట్టి అరుస్తూ కదలడం నేర్పాడు. మైదానంలో ఆ పేర్ల లొల్లి బయట రోడ్డుదాకా వినిపించేది. నేను టిక్కెట్టు కొనుక్కుని జనంలో వెనక వరసలో నిలబడి చూసేవాణ్ణి, వాడికి తెలిసేది కాదనుకునేవాణ్ణి. వాడు జల్‌పల్లిలో చిన్న ప్లాటు తీసుకుని ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి వెళ్లి పాలు పొంగేదాకా ఉండి, భోజనం చేయకుండా వచ్చేశాను. ఏళ్లు గడిచాక మళ్లీ మాట్లాడుకున్నాం గానీ, ఆట గురించి తప్ప మిగతా అన్నిటి గురించీ మాట్లాడుకున్నాం.

ఆదివారం చదివిన ఆ వార్తను లోలోపలే మింగుకుంటూ ఉండగా, మంగళవారం సాయంత్రం వాడే వచ్చాడు. జుట్టు నెరిసింది, సెంటు వాసన మాత్రం అదే. మా ఆవిడ లోపలికిపోయి చాయ్ పెడుతుండగా నా పక్కన కూర్చుని, చేతులు నలుపుకుంటూ, తీసేసిన సంగతి తనకూ ఫోనులోనే తెలిసిందని చెప్పాడు. ఆఫీసునుంచి ఒక మెసేజ్ వచ్చిందట, ఇన్నాళ్లు చేసినందుకు కృతజ్ఞతలు అని, కింద చేతులు జోడించిన బొమ్మ. చాచా పోయాడు, సేటు పోయాడు, క్లబ్బు చేతులు మారింది. ఇప్పుడు నడిపేవాళ్లకు ఆ మిర్చి గిడ్డంగి ఎక్కడుందో కూడా తెలియదు. వాడు జేబులోంచి విజిల్ తీశాడు. తాడు మార్చినట్టున్నాడు, విజిల్ మాత్రం నాదే, నా పంటి గాట్లు దాని మీద అలాగే ఉన్నాయి.

"పోయి అడిగిన బావా, ఇది ఎవలకియ్యాలె అని. ఉంచుకోమన్నరు. కొత్తాయన ఆయనది ఆయనే తెచ్చుకుంటడట." విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ అన్నాడు, "నన్ను పిలుస్తరని ఇస్త్రీ అంగి తీసిపెట్టుకున్న."

ఆ అంగీ ఇప్పుడు వాడి ఒంటి మీదే ఉంది. మిర్చి ఘాటులో నన్ను కూర్చోబెట్టి, నా స్థానం ఎవరిదో నన్నే అడిగిన ఆ రోజును ఇన్నేళ్లూ నా జీవితంలో అన్నిటికన్నా పెద్ద అవమానంగా మోస్తూ వచ్చాను. వాడేమో అదే తనకు కూడా దక్కుతుందని ఇన్నేళ్లూ ఎదురుచూశాడు. ఆదివారం పొద్దున నాకు కలిగిన సంతోషం గుర్తొచ్చి, వాడి మొహంలోకి చూడలేక, చాయ్ ఏమైందని లోపలికి కేకేశాను. ఇప్పుడు మనుషులను మార్చడం చాలా సులువైపోయింది, ఎవరూ ఎవరి ముందూ తల దించుకోవలసిన పని లేదు, ఎవరి కంటా నీళ్లు రావు. మంచిదే కావచ్చు. కానీ వాడు విజిల్‌ను నా అరచేతిలో పెట్టి, నా వేళ్లను మూసి, అక్కా చక్కెర తక్కువ వెయ్యి అని లోపలికి అరుస్తుంటే, నీ తర్వాత ఎవరు అని వాణ్ణి అడగడానికి ఈ ఊళ్లో నేనొక్కణ్ణే మిగిలానని తెలిసింది. అడిగాను. వాడు ఇస్త్రీ అంగీ సర్దుకుని, ఆ ఇద్దర్ల బెంగళూరాయనే నయం బావా అన్నాడు.