తేనె రంగు నూనె

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, వేసవి సెలవుల చివర, నాకు పాతపట్నం జూనియర్ కళాశాలకు బదిలీ అయింది. సోమవారం ఉదయం పది గంటలలోపు విధులలో చేరాలి. నెల్లిమర్లలో మా ఇంటి ముందు నిలిచి ఉన్న పాత కారు, మా వంశంలో మొదటి కారు, ఆ ప్రయాణానికి సిద్ధంగా ఉండాలి. వంట సామాను సర్ది, నాకు అక్కడ కాస్త కుదురు కల్పించి రావడానికి అమ్మ కూడా బయలుదేరుతోంది. ఇంజను ఆయిల్ మార్చవలసిన గడువు దాటిపోయిందన్న సంగతి గుర్తొచ్చి శనివారమంతా నాకు స్థిమితం లేదు. బయటికి వెళ్ళి బానెట్ ఎత్తడం, దించడం, మళ్ళీ ఎత్తడం.

మెకానిక్ దగ్గరకు వెళ్ళి ఉండవచ్చు. వెళ్ళకపోవడానికి కారణం ఉంది. కిందటిసారి విజయనగరంలో నేను వంగి చూడబోతే, "సారూ, దూరంగా నిలబడండి, సొక్కా పాడైపోతాది" అన్నాడు ఆ మెకానిక్. మర్యాదగానే అన్నాడు. అయినా ఆ మాట లోపల గుచ్చుకుని ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళు జూట్ మిల్లులో గోగునారకు నూనె పట్టించిన అమ్మకు కొడుకును నేను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని కూడా. ఉద్యోగం వచ్చిన నెలలోనే అమ్మచేత ఆ పని మాన్పించి, "ఇక నువ్వు నూనె ముట్టుకోవద్దు" అన్నాను. గొప్ప మాట అన్నాననుకున్నాను. ఆ తరువాత చాలా రోజులు, మిల్లు కూత వినగానే ఆమె లేచి నిలబడి, ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చునేది.

ఆదివారం ఉదయం ఆరు గంటలకే పని మొదలుపెట్టాను. కారుతో ఇచ్చిన పుస్తకంలోని వివరాలను పన్నెండు అంశాలుగా నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాను. ముందు చక్రాలను రెండు చెక్క దిమ్మలపైకి ఎక్కించి, వెనుక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, గోనెపట్టా పరచుకుని కిందికి దూరాను.

పక్కింటి మావ, ఒకప్పుడు మిల్లులో మగ్గాలు నడిపినవాడు, వేపపుల్ల నములుతూ వచ్చి నా కాళ్ళ దగ్గర నిలబడ్డాడు.

"ఏటి మేస్టరూ, కాలేజీ సాలక బండి కింద కూడా పాఠం సెప్తన్నావేటి?"

"వినేవాళ్ళు లేరు మావా, నువ్వు కూడా రా."

"నానొస్తే బయటికి లాగడానికి ఎవులుంటారు?" అంటూ వెళ్ళిపోయాడు.

బోల్టు చాలాసేపు మొరాయించి, ఒక్కసారిగా వదిలింది. బేసిన్‌లోకి నూనె ధారగా దిగింది. తేనె రంగులో, అడుగు కనబడేంత తేటగా ఉంది. ఘాటైన వాసన వేసింది. ఇంత శుభ్రంగా ఉన్న నూనెను మారుస్తున్నానా అని, బండిని ఎంత పద్ధతిగా నడిపానో అని, ఒక్క క్షణం గర్వపడ్డాను కూడా. ఫిల్టరు చేతికి తిరగలేదు. దానిని వచ్చేసారి మార్చవచ్చునని వదిలేశాను. బోల్టు బిగించి, బయటికి వచ్చి, కొత్త నూనె డబ్బా పైనుంచి ఇంజనులోకి ఖాళీ చేశాను. ఇంజనులో నూనె మట్టం చూపే కొలపుల్ల తీసి చూస్తే నూనె పై గీతను దాటి ఎంతో పైకి ఉంది. తుడిచి మళ్ళీ చూశాను. మూడోసారి చూశాను. నోటుపుస్తకం తిరగేశాను. పన్నెండు అంశాలలో ఎక్కడా ఇలా జరగవచ్చునని లేదు. ఒకసారి స్టార్టు చేస్తే సర్దుకుంటుందేమోనని సీట్లో కూర్చున్నాను.

టీ గ్లాసు పట్టుకుని వస్తున్న అమ్మ బేసిన్ దగ్గర ఆగిపోయింది. గ్లాసు నేలమీద పెట్టి, వేలు ముంచి, ముక్కు దగ్గరకు తెచ్చుకుంది.

"ఒరే, తాళం తిప్పకు. ఇదేటి నూనె?"

"ఇంజను ఆయిల్ అమ్మా."

"ఇంజనుదైతే నల్లగా దిగాలి కదా. ఇంత సుబ్బరంగా ఎందుకున్నాది? ఈ కంపు నాకు తెలీదేటి? మా మిషను పళ్ళ సక్రాల పెట్టిలో పోసేది ఇదే. దాని పక్కనే నిలబడి ముసిలిదాన్నైపోనాను."

"పుస్తకం చూసే విప్పాను."

"పుస్తకానికి ముక్కుంటాదేటి?"

మళ్ళీ కిందికి దూరాను. పుస్తకంలోని బొమ్మ పైనుంచి చూసినట్లు గీసి ఉంది. నేను వెల్లకిలా పడుకుని, దానిని అలాగే ముఖం మీదికి ఎత్తి పట్టుకుని చూశాను. కుడి ఎడమైంది. నేను విప్పింది గేరుబాక్సు బోల్టు. ఇంజనులో పాత నూనె పాతచోటే ఉంది; దానిపైన కొత్త నూనె పోశాను. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, చుక్క నూనె లేని గేర్లతో నూరు కిలోమీటర్లు బయలుదేరి ఉండేవాడిని. ఏ పొలాల మధ్యనో పళ్ళు అరిగి, బిగుసుకుని, బండి నిలిచిపోయేది.

మావ మోటారు సైకిలు అడిగి తీసుకుని విజయనగరం వెళ్ళాను. ఆదివారం కావడంతో మూడు దుకాణాలు మూసి ఉన్నాయి. నాలుగోచోట రెండు రకాల నూనెలూ దొరికాయి. తిరిగి వచ్చేసరికి అమ్మ కొంగు నడుముకు దోపి, రబ్బరు గొట్టం, గరాటు పట్టుకుని సిద్ధంగా ఉంది. ఈసారి సరైన బోల్టు విప్పాను. కారునలుపు నూనె దిగింది. అందులో ఉదయం పోసిన కొత్త నూనె కూడా కలిసిపోయింది. ఇంజనులో తాజా నూనె పోశాక, గేరుబాక్సు నింపేటప్పుడు గరాటు ఆమే పట్టుకుంది.

"నన్ను ముట్టుకోవద్దన్నావు, నువ్వు ముట్టుకున్నావు. ఎవులికి సేతనవుతాదో సూడు" అంది.

నేను గొట్టం కొస సరిచేశాను. ఆమె మోచేతి దాకా నూనె కారుతోంది. తుడుచుకునే తొందర ఆమెకు లేదు.

సోమవారం తెల్లవారగానే బయలుదేరాము. నాకు నమ్మకం కుదరలేదు. రణస్థలంలో ఆగి కిందికి వంగి చూశాను. శ్రీకాకుళం దాటాక మళ్ళీ ఆగాను. చుక్క కారడం లేదు. నరసన్నపేట దగ్గర మూడోసారి తలుపు తెరవబోతే అమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"కూకోరా. కాలేజీకి టైము దాటిపోతాది. కింద దూరితే నీకేటి తెలుస్తాది? నడుపు. నాను సెప్తాను."

అప్పుడు చూశాను. ఆమె చెప్పులు విప్పి సీటు కిందికి తోసింది. రెండు అరికాళ్ళూ కారు నేలకు ఆనించి, దాని అదురును పసిగడుతూ, మిల్లులో మిషను పక్కన నిలుచున్నప్పటిలా ముఖం నిశ్చలంగా పెట్టుకుని కూర్చుంది. రెండో గేరు వేశాను. మూడోది వేసి, రోడ్డు కంటే ఎక్కువగా ఆమె ముఖమే చూశాను.

"ఊఁ" అంది చాలాసేపటికి. "తిన్నగానే ఉన్నాది. ఇంకోటెయ్."

నాలుగో గేరు వేశాను.