అపో తకీ కత్తి పెట్టిన చోటు

మా బర్‌లుంగ్మాలో ఏ ఇంట్లో గొర్రెను కోయాలన్నా ముందు వెళ్లి తకీ తలుపు తడతారు. ఆయన్ని అందరం అపో అంటాం, తాత అన్నమాట. సొంత మనవలు లేరు గాని ఊరంతా మనవలే. చెయ్యి తేలికని పేరు. కోసే ముందు జంతువుకు నీళ్లు పట్టిస్తాడు. కత్తి దాని కంట పడకుండా వీపు వెనక దాచుకుంటాడు. ఇంకో జంతువు చూస్తుండగా కోయడు. పనయ్యాక తన వాటా మాంసాన్ని ఇంటికి తీసుకుపోకుండా దారిలో బీబీ హలీమా గుమ్మంలో పెట్టేస్తాడు. ఆవిడ భర్త కొండచరియ కింద పడి పోయి చాలా కాలమైంది. ఆయన తలుపు తట్టడు, ఒకసారి దగ్గుతాడంతే.

లోపల్నుంచి ఆవిడ, "పిల్లి వచ్చినట్టుంది" అంటుంది.

"గడ్డమున్న పిల్లి" అని గొణుక్కుంటూ ఈయన వెళ్లిపోతాడు.

తకీ తండ్రి వేటగాడు. ఆ రోజుల్లో మంచు దారులు మూసేస్తే వసంతం దాకా మాకు మాంసమంటే కొండమేకే. తండ్రి వెనక తుపాకీ మోస్తూ తకీ గురి కన్నా ముందు మర్యాద నేర్చుకున్నాడు. వజూ చేసుకోకుండా, అంటే నమాజుకు ముందులా కాళ్లూ చేతులూ ముఖం కడుక్కోకుండా, కొండ ఎక్కకూడదు. పిల్ల వెంట ఉన్నదాన్ని కాల్చకూడదు. తెచ్చిన మాంసంలో మొదటి ముక్క సంపాదించేవాడు లేని ఇంటికి పోవాలి. కొమ్ములు మాత్రం ఎవరివీ కావు. వాటిని పీరు సమాధి గోడ మీద పెట్టేవాళ్లు. ఇప్పటికీ ఆ గోడ నిండా కొమ్ములే. ఏది ఎవరు కొట్టిందో చెప్పేవాడు లేడు. చెప్పకూడదు కూడా.

తర్వాత కొండమేకలు పలచబడ్డాయి. ఊరు వేట మానేస్తే ఏడాదికొక ముసలి పోతును పరదేశీ అతిథి ఒకడు కాల్చుకుంటాడని, అతను కట్టే రుసుములో పెద్ద వాటా ఊరికే వస్తుందని ఆఫీసర్లు వచ్చి చెప్పారు. మొహర్రంలో మేము కూర్చుని ఏడ్చే మాతంసరాలోనే అందరం ఖురాను మీద చెయ్యి వేసి వేట మానేస్తామని ప్రమాణం చేశాం. ఆ రోజు తకీ పొయ్యిగది దూలానికి వేలాడదీసిన తుపాకీ మళ్లీ దిగలేదు. దాని మీద ఉల్లిపాయలు ఆరేస్తుంటాడు.

అబద్ధమెందుకు, ఊరికి మేలే జరిగింది. మందుల గది వచ్చింది, ఇళ్ల ముందుకు కుళాయి వచ్చింది. కొండమేకలు మళ్లీ మందలు కట్టాయి. ఇదంతా నడిపేది ఊరి కమిటీ పెద్ద వజీర్ షుజా. ఊరి కోసం ఆఫీసుల మెట్లెక్కి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. అతిథులతో కొండ మీదికి పోయి వంట చేసేది నేను, రజబ్‌ని.

అతిథి కాల్చగానే మావాడొకడు పరుగున పోవాలి. ప్రాణం ఉండగానే జంతువును కాబా ఉన్న పడమటికి తిప్పి, దేవుడి పేరు చెప్పి, దవడ కింద గొంతు కోయాలి. అప్పుడే ఆ మాంసం మాకు హలాల్. కొమ్ములు, తోలు అతిథివి. మాంసం ఊరిది. ఆ పరుగూ ఆ కత్తీ ఎప్పుడూ తకీవే.

ఒక శీతాకాలం ఈ పనికి దుబాసీ అడ్డం పడ్డాడు. ఈ దుబాసీ పట్నం మనిషి, అతిథుల్ని తీసుకొచ్చేది అతనే. దవడ కింద కోస్తే మెడ తోలు పాడవుతుందట, గోడకు తగిలించిన తలకు కుట్టు కనబడుతుందట. కింద ఛాతీ దగ్గర పొడవమన్నాడు. అది కోత కిందికి రాదని తకీ. ఆ వాదన తెగేలోపే జంతువు పోయింది.

వజీర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "కోశామనే చెప్దాం అపో. ఎవరు చూశారు?" అన్నాడు.

"చూసేవాడు చూశాడు."

ఊళ్లో మాంసం దించుకోవడానికి గిన్నెలతో వచ్చిన ఆడవాళ్లకు తకీ ఉన్నమాట చెప్పేశాడు. "ఇది కోసింది కాదమ్మా, చచ్చింది. పొయ్యి మీద పెట్టకండి." ఆ మాంసమంతా గద్దల పాలైంది. బీబీ హలీమా ఖాళీ గిన్నె చెంగు కింద దాచుకుని ఇంటికి పోయింది.

మరుసటి ఏడు అతిథి వచ్చే ముందు వజీర్ తకీ ఇంటికి వెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను. తకీ ఉప్పు చాయ్ పోసి, అందులో వెన్న ముక్క వజీర్‌కే పెద్దది వేశాడు.

"ఆ చరియల మీద నీలా పరిగెత్తేవాడు ఇంకా పుట్టలేదు, అపో. రావాలి."

"వస్తాను. కత్తి మాత్రం దేవుడు చెప్పిన చోటే పెడతాను. అతిథికి ఆ మాట ముందే చెప్పు. ఇష్టముంటే వస్తాడు."

"చెప్తాను, చెప్తాను."

"రెండుసార్లు అన్నావంటే ఒక్కసారీ చెప్పవని."

వజీర్ నవ్వేశాడు.

"ఇంకోటి," అన్నాడు తకీ. "నాకు కూలి వద్దు."

"అదేంటి, అలిగావా?"

"అలగలేదు. వద్దంతే."

ఆ ఏటి అతిథి తెల్లగడ్డం ముసలాయన. చెడ్డవాడనలేను. నేను వండిన బార్లీ ముద్ద మింగుడుపడకపోయినా ప్రతిపూటా గుండె మీద చెయ్యి పెట్టి మెచ్చుకునేవాడు. గాడిదలు తోలే అతనికి చేతులు పగిలి ఉంటే తన తొడుగులు తీసి ఇచ్చేశాడు. రెండు రోజులు నడిచి పైన పశువుల కాపర్ల రాతి గుడిసె చేరాం.

పొద్దు వాలాక అసర్ నమాజుకు అందరం నిలబడ్డాం. ఊరు విడిచి దూరం వెళ్లినవాడికి నాలుగు రకాతుల, అంటే నాలుగు విడతల నమాజు రెండుకు తగ్గుతుంది, అది దేవుడిచ్చిన వెసులుబాటు. మేము రెండు ముగించి చాపలు చుట్టేశాం. తకీ మాత్రం మళ్లీ లేచి నిలబడ్డాడు. మూడోది. నాలుగోది. వినోదానికి వేటకు పోయేవాడికి ఆ వెసులుబాటు లేదు, అది పాపపు ప్రయాణమని మా ఊరి మతగురువు ఆఖోన్ చెబుతుంటాడు. అంటే ఆయన మమ్మల్నందరినీ ఏ పాపంలో నిలబెట్టాడో మాకు తెలిసింది.

గాడిదలతను మాటను తమాషాలోకి దించాలని చూశాడు. "అపో, ఈ మంచులో రెండుకే మా మోకాళ్లు కొయ్యలయ్యాయి. నీకు చలెయ్యదా?"

"పాపపు పని మీద వచ్చాంగా. వెచ్చగానే ఉందిరా."

వజీర్‌కు ఒళ్లు మండింది. "పొట్ట కోసం కూలికి వచ్చినవాళ్లకు సగం నమాజే చాలని ఆఖోన్ చెప్పలేదూ?"

"మీకు చెప్పాడు. నేను కూలి తీసుకోవట్లేదు."

అతిథి ఇదంతా గమనిస్తున్నాడు. ఈ పెద్దాయన ఎందుకు ఎక్కువసేపు చేశాడని అడిగించాడు. దుబాసీ తకీ వైపు చూశాడు.

"ఉన్నది చెప్పు" అన్నాడు తకీ. "ఆట కోసం ప్రాణం తీసేవాడి ప్రయాణం మా లెక్కలో ప్రయాణమే కాదని చెప్పు."

దుబాసీ ఎంత చెప్పాడో తెలియదు గాని అతిథి ముఖం ఎర్రబడింది. తన డబ్బే కదా ఈ జంతువుల్ని బతికిస్తోంది అన్నాడు.

"బతికిస్తోంది, కాదనను. కోళ్లను మేపేవాడూ తినడానికే మేపుతాడు. ఈయన తినడు. గోడకు తినిపిస్తాడు."

ఆ మాటను దుబాసీ అటు చేర్చలేదు.

చాయ్ గిన్నె అందిస్తూ నేను మెల్లగా అడిగాను. "ఇంత పాపమైతే నువ్వెందుకొచ్చావు అపో?"

"ఊరు ఒప్పుకుంది, నేనూ ప్రమాణంలో ఉన్నాను. ఆపలేను. పోయే ప్రాణం ఎలాగూ పోతుంది రజబ్. దేవుడి పేరు లేకుండా పోనివ్వను. ఎవరి కడుపుకూ పనికిరాకుండా పోనివ్వను." అని తన గిన్నెలోని వెన్న తీసి నా గిన్నెలో వేశాడు.

మర్నాడు పొద్దెక్కాక అతిథి లోయకు అవతల నుంచి కాల్చాడు. ముసలి పోతు ముందుకాళ్లు మడిచి ఒక చరియ మీద కూలబడింది. తకీ అప్పటికే పరుగులో ఉన్నాడు. రాళ్లు ఆయన కాళ్ల కింద జారుతున్నాయి, ఆయన జారడం లేదు. మేము రొప్పుతూ చేరేసరికి దాన్ని పడమటికి తిప్పి పక్కన మోకరిల్లాడు. అది ఇంకా రెప్పలార్పుతోంది. పట్టించడానికి నీళ్లు లేవు. గుప్పెడు మంచు తీసి అరచేతిలో కరిగించి దాని మూతికి ఆనించాడు.

"కింద! ఛాతీ దగ్గర" అని దుబాసీ వెనకనుంచి అరుస్తున్నాడు. "ముందే అనుకున్నాం కదా, వజీర్?"

అప్పుడర్థమైంది, వజీర్ ఇటు ఒక మాట, అటు ఒక మాట ఇచ్చి వచ్చాడని.

వజీర్ రెండు చేతులూ జోడించాడు. "అపో, ఈ ఒక్కసారికి. ఊరి కోసం."

"ఊరి కోసమే" అన్నాడు తకీ.

టోపీ తీసి జంతువు కళ్ల మీద కప్పాడు. బిస్మిల్లా అని, దవడ కింద, ఎక్కడ పెట్టాలో అక్కడే కత్తి పెట్టాడు.

అతిథి దాని పక్కన కూర్చుని ఫోటో దిగలేదు. తల వద్దన్నాడు. కొమ్ములు మాత్రం కోయించుకుని, మాకన్నా ముందే కిందికి దిగాడు. పోయేటప్పుడు నాకు మాత్రం గుండె మీద చెయ్యి పెట్టి చూపించాడు. నేనూ పెట్టాను.

ఆ సాయంత్రం ఊళ్లో ప్రతి పొయ్యి మీదా మాంసం ఉడికింది. బీబీ హలీమా గుమ్మంలో దగ్గు వినబడింది. "ఈ పిల్లి ఏడాదికి సరిపడా వేటాడినట్టుంది" అందావిడ.

నెల తిరక్కుండా దుబాసీ నుంచి కబురొచ్చింది. ఆ అతిథి మిత్రులెవరూ ఇక ఇటు రారట. వజీర్ ఊరిని మాతంసరాకు పిలిచాడు.

"మందుల గదికి మందులెక్కణ్ణుంచి వస్తాయి? నీ కత్తి తెస్తుందా?" అన్నాడు. గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువుంది. "క్షమించమని ఒక్క మాట కబురు పెట్టు, అపో. అన్నీ సర్దుకుంటాయి."

తకీ లేచాడు. "మందుల గది నాకూ కావాలి, రాత్రీ పగలూ దగ్గే మనిషిని. కాని ఒకటడుగుతాను. ఆయన డబ్బు తీసుకుని కొండమేకనిచ్చాం. కొమ్ములిచ్చాం. తోలిచ్చాం. గొంతెక్కడ కోయాలో కూడా ఆయనే చెప్తే, ఇక మన దగ్గర మిగిలిందేంటి? మాంసం గద్దలకు వేసిన నాటి ఖాళీ గిన్నెలు గుర్తున్నాయా? నేను క్షమాపణ చెప్పాల్సింది ఆ జంతువుకి. అది కొండ మీదే చెప్పుకొచ్చాను. ఇంకెవరికీ చెప్పను."

"అయితే వచ్చే ఏడు కత్తి నీది కాదు."

తకీ మొలలోంచి కత్తి తీసి వజీర్ ముందు జంపఖానా మీద పెట్టాడు.

"తీసుకో. కత్తి మారుతుంది. దవడ ఉన్నచోటే ఉంటుంది."

వజీర్ దాన్ని కోటు లోపల పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఈ ఏడు ఎలాగోలా ఒక అతిథి దొరికేలా ఉన్నాడని తెలిసి వజీర్ కొత్త చెయ్యి కోసం ఇల్లిల్లూ తిరిగాడు. గాడిదలతను వస్తానన్నాడు, అపో పెట్టిన చోటే పెడతానన్నాడు. ఊరి పిండి తిరగలి నడిపే అన్నదమ్ములూ అదే మాట. చివరికి మా ఇంటికొచ్చాడు. నా భార్య చాయ్ ఇచ్చి, ఆయన మోకాళ్ల మీద కంబళి కప్పింది.

"నువ్వు మెత్తనివాడివి రజబ్, చెప్పిన మాట వింటావు. కత్తి పడతావా?"

"పడతాను వజీర్. దవడ కిందే."

వజీర్ చాయ్ ఊదుకున్నాడు. "అందరూ కలిసి అనుకున్నారా?"

"లేదు. ఎవరమూ మాట్లాడుకోలేదు."

కోటు లోపల్నుంచి ఆ కత్తి తీసి పొయ్యి పక్కన పెట్టాడు. "పదును పెట్టించు. దుబాసీకి ఈసారి ముందే చెప్తాను. వస్తే వస్తాడు, లేకపోతే లేదు."

ఇంకా ఏ కబురూ రాలేదు. మందుల గదిలో సగం అరలు ఖాళీ. ఆ సంగతి తకీకీ తెలుసు, నాకూ తెలుసు.

కత్తి పట్టుకుని తకీ ఇంటికి వెళితే ఆయన మిద్దె మీద ఎండలో కూర్చుని ఖుబానీ పండ్ల గింజలు పగలగొడుతున్నాడు. అంచును గోటి మీద ఆనించి చూసి, "వజీర్ దీంతో ఏం కోశాడు, టర్నిప్పులా?" అంటూ నూరుడురాయి దగ్గరికి లాక్కున్నాడు. గుప్పెడు గింజలు నా ఒళ్లో పోశాడు.

కొండ మీద నేను ఎన్ని రకాతులు చదవాలో ఆయన్ని అడగలేదు. ఈసారి వంట కూలి వద్దని వజీర్‌కు ఆ పూటే చెప్పేశాను.