జారే ముందు రాయి చెప్పని మాట

బిలాస్‌పూర్ పక్కన ఉస్లాపూర్‌లో మా పక్కింటి వంటగది గట్టు కోసం గ్రానైట్ కోస్తున్నారు. తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి వచ్చేసరికి చేతిలో పని ఆగిపోయింది. సుభద్ర మేడమ్ కొంగుకు ఎప్పుడూ ఆ వాసనే. బిలాస్‌పూర్‌లోని కాలేజీలో ఆవిడ నాకు ఫిజిక్స్ చెప్పారు. మాలాగే వాళ్లదీ శ్రీకాకుళం నుంచి రైల్వే పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. ఆవిడ తమ్ముడు రవి దూరాన ఉద్యోగంలో చేరిన ఏడాదే భూకంపానికి క్వార్టర్ కూలి చనిపోయాడు. భూమి ముందుగా ఏ సైగా చెయ్యలేదా అన్న ప్రశ్న ఆవిడను ఇక వదల్లేదు.

కాలేజీ వెనక గదిలో ఒక యంత్రం కట్టించారు. రెండు గ్రానైట్ దిమ్మల మధ్య రాతిపొడి పరిచి, జాకీతో గట్టిగా నొక్కి, ఒకదాన్ని స్ప్రింగుతో మెల్లగా లాగాలి. దిమ్మ చాలాసేపు కదలదు. తర్వాత టక్కున జారుతుంది. భూమిలో పగుళ్లూ ఇలాగే పట్టుకుని, ఇలాగే వదిలేస్తాయనేవారు. ఆవిడ దగ్గర పరిశోధనకు చేరిన కొత్తలో, ఓ మధ్యాహ్నం నేను నొక్కుడు కాస్త తగ్గించాను. తెర మీద బలం చూపే గీత ఒక్కసారిగా పడిపోలేదు. వాలుగా, నిదానంగా దిగింది. చప్పుడే లేదు.

"పాడైపోయిందా మేడమ్?"

"పాడవడం ఏటమ్మా! నిదానంగా జారుతోంది. ముట్టుకోకు." ఆవిడ తెర దగ్గరికి వంగారు. "పెద్ద జారుడుకి ముందు ఇది వస్తాదని తేలితే, మనం ముందే చెప్పొచ్చు కదే!"

ఆ సాయంత్రం సదర్ బజార్ నుంచి జిలేబీ తెప్పించారు. ఆవిడ మనసారా నవ్వగా నేను చూసింది అప్పుడే.

తర్వాత ఏళ్ల తరబడి అదే పని. కొన్నిసార్లు నిదానపు జారుడు వెనకే దిమ్మ టక్కుమనేది. కొన్నిసార్లు అదే జారుడు వచ్చి అణిగిపోయేది. ఒక్కోసారి ఏ సూచనా లేకుండానే దిమ్మ విసురుగా కదిలేది. నిదానపు జారుడు గీతలన్నీ ఒక్కలాగే ఉండేవి. ఏది పెద్దదవుతుందో ఆవిడకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

ప్రిన్సిపాల్ మాత్రం పెద్దలను పిలిచి సభ పెట్టారు. భూకంపాన్ని ముందే పసిగట్టే యంత్రమని బ్యానర్ కట్టించారు. మేడమ్ వాళ్లమ్మ ముందు వరసలో కూర్చున్నారు. మేడమ్ మైకు దగ్గరకెళ్లి, "ఇది ముందుగా ఏదీ చెప్పగలిగేది కాదు" అని హిందీలో అనేసి దిగిపోయారు.

బయట ఆ పెద్దావిడ కూతురి చెయ్యి పట్టుకున్నారు. "అచ్ఛా, మరి రవికి తెలిసే దారే లేదంటావా?"

"నాకు దొరకలేదమ్మా."

పెద్దావిడ ఆ చెయ్యి వదిలేసి, ఒక్కరే రిక్షా ఎక్కి వెళ్లిపోయారు.

గదిని కంప్యూటర్లకిచ్చేశారు. యంత్రం తుక్కుకు పోయింది. మేడమ్ రిటైరయ్యాక, ఇంకో జత రాళ్లు తెచ్చి మొదలుపెడదామని నేనంటే, "వద్దమ్మా, ఏ రాయి తెచ్చినా అదే చెప్తాది" అన్నారు. నిరుడు పోయారు.

ఇప్పుడు నేనూ అదే కాలేజీలో పాఠం చెబుతున్నాను. ఎక్కడైనా భూమి కంపించిందని వార్త వస్తే, ముందే తెలుసుకోలేమా అని పిల్లలు హిందీలో అడుగుతారు. 'అభీ నహీ', ఇంకా లేదు, అంటే ఊరడిల్లుతారని తెలుసు. ఆ 'అభీ' నా నోటికి రాదు. 'నహీ' అని ఊరుకుంటాను.