గీత కింద ఊళ్లు

మొన్న పామిడిలో ఎరువుల దుకాణానికి వెళితే, లోపల పాతకాలపు ప్రింటరు ఒకటి కర్రు కర్రుమంటూ రసీదు కొడుతోంది. ఆ చప్పుడు వినగానే సుంకన్న సార్ గుర్తొచ్చారు. దుకాణదారు రెండుసార్లు పిలిచేదాకా రసీదు అందుకోవాలన్న ధ్యాసే లేదు నాకు. ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు కలిగేది గౌరవమో, ప్రేమో కాదు, అయోమయం. ఆయన పోయి మూడేళ్లయినా అది తగ్గలేదు.

ఉరవకొండలో, ఎండాకాలం ఊళ్లకు ట్యాంకరుతో నీళ్లు పంపే చిన్న సంస్థలో నా మొదటి ఉద్యోగం. సుంకన్న సార్ అక్కడ నాకు పైవారు. ఒకప్పుడు బోరుబండి మీద పనిచేసిన మనిషి. కంప్యూటరు తనంతట తానే నేర్చుకున్నారు, రెండు వేళ్లతో టైపు కొట్టేవారు. ఆయన రాసిన ప్రోగ్రాం పొద్దున్నే నడిపితే, అలాంటి ప్రింటరులోంచే డ్రైవరు చేతికిచ్చే కాగితం వచ్చేది. ఏ ఊరు ముందు, ఏ ఊరు తర్వాత, ఎన్ని ఇళ్లు, బండి ఎక్కడ ఆపాలి, అన్నీ అందులో ఉండేవి.

చేరిన వారానికి, ఒక ఊళ్లో ఇళ్ల లెక్క మారిందని, సరిచేయమని చెప్పారు. ఊళ్ల జాబితా ఉన్న ఫైలు కోసం కంప్యూటరంతా గాలించాను. లేదు. ప్రోగ్రాం రోజూ ఎక్కడినుంచో ఊళ్ల పేర్లు తెస్తోంది కదా, మరి ఆ ఎక్కడ అన్నది ఏది? నా కంప్యూటరు చదువంతా గంగలో కలిసినట్టు అనిపించింది. మధ్యాహ్నానికి సిగ్గు చంపుకుని అడిగాను.

"ఏమి పాపా, పొద్దున్నుంచీ ఎతుకుతాండావా?" అని నవ్వారు. "ప్రోగ్రామే తెరువు. అడుక్కు పో."

పోయాను. ప్రోగ్రాం అయిపోయిందని చెప్పే గీత ఒకటి ఉంది. దాని కింద ఏముంటే మాత్రం ఎవరు చూస్తారని నేను ఎన్నడూ అంతదూరం పోలేదు. ఊళ్లన్నీ అక్కడే ఉన్నాయి, వరసకు ఒక ఊరు, పేరుకూ అంకెకూ మధ్య నిలువు గీతలతో. ప్రోగ్రాం తన ఫైలునే తాను తెరుచుకుని, ఆ గీత కిందున్న వరసలను పైనుంచి ఒక్కొక్కటే చదివి, నిలువు గీతల దగ్గర ముక్కలు చేసి, కాగితం మీద సర్దుతుందట.

"వేరే ఫైల్లో పెట్టుకోవచ్చు కదా సార్?"

"రెండుంటే ఒకటి తెచ్చి ఇంకోటి మరిసిపోతారు. ఊర్లు లేని ప్రోగ్రాము తీసుకోని ఏం జేసుకుంటావు?"

అది అర్థమైంది. ఆ వరస మాత్రం అర్థం కాలేదు. అక్షరక్రమం కాదు, దూరం కాదు, ఇళ్ల సంఖ్యా కాదు. వజ్రకరూరు దారిలో అన్నిటికన్నా చివరున్న ఎర్రదిన్నె కొట్టాల అనే చిన్న పల్లె అన్నిటికన్నా పైన ఉంది. బండి ఊళ్లన్నీ దాటుకుని అంతదూరం పోయి, వెనక్కి వస్తూ నీళ్లు పోస్తుంది. పెద్దాయన తోచినట్టు రాసుకున్నారులే అనుకున్నాను. కంటి ఆపరేషనుకని ఆయన అనంతపురం వెళ్లిన మర్నాడే, గీత కిందున్న వరసలన్నీ దారి వెంట వచ్చే క్రమంలోకి మార్చేశాను. ప్రోగ్రాం కిక్కురుమనలేదు. కాగితం ముచ్చటగా వచ్చింది. ఐదు రోజులు ఒక్క ఊరినుంచీ ఫోను రాలేదు. నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆరో రోజు, ఒక కంటికి కట్టుతోనే ఆఫీసుకొచ్చి, ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నారు.

"కొట్టాలకు నీళ్లు పోయినాయా?"

"ఎవరూ ఫోను చెయ్యలేదు సార్."

"ఎట్ల చేస్తారు? ఆడ సిగ్నలు యాడుండాది? రోడ్డు మీదోళ్లు నీళ్లు తక్కువైతే ఆఫీసుకొచ్చి మన గొంతు పట్టుకుంటారు. అరిసేకి రాలేనోళ్లను మొదట రాసినా నేను."

అప్పుడు తెలిసింది ఆ వరస ఏమిటో. దారిలో ఊరూరా తలా రెండు బిందెలు ఎక్కువ పట్టుకుంటే డ్రైవరు కాదనలేడు. చివరికి పోయేసరికి బండి ఖాళీ. ఖాళీ బండితో అంతదూరం ఎందుకని అతను మధ్యలోనే తిప్పేశాడు.

అప్పటికప్పుడు ట్యాంకరు నింపించి, నన్ను కూడా ఎక్కించుకుని బయల్దేరారు. దారిలో ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొట్టాలలో ఆడవాళ్లు ఐదు రోజులుగా రెండు మైళ్లు నడిచి, ఎవరిదో తోట బావినుంచి నీళ్లు మోసుకుంటున్నారు. హనుమక్క అనే ఆమె బండికి అడ్డంగా నిలబడింది.

"ఏమప్పా, మేము చచ్చినామనుకున్నారా?"

"తప్పు నాదే తల్లీ. జాబితా తప్పుగా రాసినా," అన్నారు సార్.

నేను ఆయన వెనకే నిలబడి ఏడ్చాను. తిరిగొచ్చేటప్పుడు, నా కోసం అబద్ధం ఎందుకు చెప్పారని అడిగాను.

"అబద్ధమేముండాది? ఆ వరస ఎందుకుండాదో నేను యాడన్నా రాసి పెట్టినానా? ఊర్లు రాసినా, కారణం రాయలేదు. నీకెట్ల తెలుస్తాది?"

మర్నాడు వరసను మళ్లీ మునుపటిలా పెట్టి, గీతకు పైన ఒక మాట చేర్చారు: రాలేనివాళ్లు ముందు, మార్చవద్దు.

పోయిన ఎండాకాలం కొట్టాలకు వెళ్లినప్పుడు, ఉండబట్టలేక హనుమక్కతో నిజం చెప్పేశాను. ఆమె బిందె దించనైనా దించలేదు.

"తెలుసులేమ్మా. నువ్వు ఎనకాల నిలబడి ఏడుస్తాంటే మేమేమన్నా గుడ్డోళ్లమా? ఆయప్ప అబద్ధం చెప్తాండాడని అందరికీ తెలుసు. పెద్ద మనిషి, పోనీలే అని గమ్మునుంటిమి."

ఆమె అబద్ధమంటుంది. ఆయన కాదన్నారు. ఆయన మాట నమ్మితే నా తప్పు తేలికవుతుంది, అందుకే నమ్మడానికి భయం. ఆమె మాట నమ్మితే ఆయన నాకిచ్చింది జాలి మాత్రమే అవుతుంది, అదీ మింగుడు పడదు. ఇప్పుడా కాగితం కొట్టేది నేనే. ఊళ్లవాళ్లు ఫోన్లు చేసి తిడుతున్నంతసేపూ నిమ్మళంగా ఉంటాను. ఒక రోజంతా ఎవరూ తిట్టలేదంటే మాత్రం లేచి ట్యాంకరెక్కుతాను.