చేతులు కట్టుకుని నిలబడ్డ ఫిజియో అక్క

ఫిజియో అక్క పోయిందన్న కబురు బుధవారం పొద్దున మన ఇంగోల్‌స్టాట్ తెలుగువాళ్ళ గ్రూపులోనే చదివాను. కరోనాతో రెండు వారాలు ఆసుపత్రిలో ఉంది. ఇదే గ్రూపులో ఆమెకు ఒక అన్యాయం జరిగింది. చేసింది వ్యవస్థ కాదు, ప్రభుత్వం కాదు. నేను.

పోయిన చలికాలం మంచులో సైకిల్ జారి, మోకాలి లిగమెంట్ తెగి, ఆపరేషన్ అయింది. ఫిజియోకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికిన చోట మన తెనాలి మనిషే ఉందని తెలిసి సంబరపడ్డాను. మొదటిరోజు మేడం అని పిలిస్తే, "ఇంకెవరినో పిలుస్తున్నావనుకుంటాను, అక్కా అను," అంది. నొప్పి పదికి ఎంతని అడిగింది.

"పర్లేదక్కా."

"పర్లేదంటే ఎన్నో నంబరయ్యా? ఈ జర్మన్ కాగితంలో ఏం రాయమంటావ్?"

"ఎనిమిది రాయి."

"ఎనిమిదికి పర్లేదంట! మనోళ్ళందరిదీ ఇదే రోగం."

మా అమ్మమ్మకు కాలు విరిగినప్పుడు ఒకాయన ఇంటికొచ్చి నూనె రాసి గంటసేపు తోమేవాడు. ఫిజియో అంటే నాకు తెలిసింది అదే. అక్క వేడినీళ్ళలో చేతులు వెచ్చచేసుకుని, మోకాలు ఎంత వంగుతోందో ఒకసారి చూసి, దూరం జరిగేది. ఆపైన మాస్కు వెనకనుంచి "బిగించు, వదులు" అంటూ చేతులు కట్టుకుని నిలబడేది. చెమటంతా నాది.

అప్పట్లో యూనివర్సిటీలో దొరికిన విప్లవ కరపత్రమల్లా చదివి, చదివిందల్లా ఎవరో ఒకరి మీద ప్రయోగించేవాణ్ణి. నాలుగో టెర్మిన్ అయ్యాక గ్రూపులో రాశాను: "రోగి చేతే పని చేయించి, తాను చేతులు కట్టుకుని చూడటం శ్రమదోపిడీ కాదా?" పేరు రాయలేదు. ఊళ్ళో తెలుగు ఫిజియో ఒక్కతే, పేరు రాయాల్సిన పనేముంది?

తర్వాతి టెర్మిన్‌కి తల దించుకునే వెళ్ళాను.

"చదివాను. తెలుగు బాగా రాస్తావు. కాలెత్తు," అంది.

ఎత్తాను. వణికింది. అక్క కదల్లేదు.

"నీ తొడ చేయాల్సిన పని నా చెయ్యి చేసిందనుకో, బలం నా చేతికొస్తుంది. అప్పుడు కదరా దోపిడీ!"

నేను క్వారంటైన్‌లో పడ్డప్పుడు కూడా సాయంత్రాలు వీడియో కాల్ చేసి, వంటింటి కుర్చీ పట్టుకుని నాతోపాటు తనూ గుంజీలు తీసింది.

నా కాలు బాగుపడింది. కానీ భుజం ఆపరేషన్ అయిన ఒక అన్న నా పోస్టు చదివి అక్క దగ్గర తన మంగళవారం టెర్మిన్‌లు మానేశాడు. ఆయన చెయ్యి ఇప్పటికీ తలదాకా లేవదు. అక్క రెండుసార్లు ఫోన్ చేసినా రాలేదు. చివరికి నన్నే అడిగింది.

"నువ్వు చెడగొట్టావు, అది తప్పని నువ్వే రాయి. ఆలస్యమైతే ఆ భుజం బిగుసుకుపోతుంది."

"పరీక్షలైనంక రాస్త అక్కా."

పరీక్షలు అడ్డేం కాదు. తప్పు ఒప్పుకుంటే రేపు నా మాట ఎవరు వింటారన్న భయం. ప్రపంచాన్నే మార్చేస్తానన్నవాడికి నాలుగు వాక్యాలు రాసే ధైర్యం లేకపోయింది. పరీక్షలయ్యాయి. ఆ తర్వాత రెండు నెలలూ గడిచాయి. అక్కకి జ్వరమొచ్చింది.

నిన్న క్లినిక్‌కి వెళ్ళాను. రిసెప్షన్‌లో ఉండే జర్మన్ ఆవిడ అక్క టెర్మిన్‌లు రాసుకున్న పుస్తకం నా వైపు తిప్పి, ప్రతి మంగళవారం ఆ అన్న పేరు పక్కనా ఉన్న ఈ అక్షరాలేమిటని అడిగింది. తెలుగులో ఒకటే మాట: "వస్తాడు."

అన్నా, నేను రాసింది తప్పు. తెలియక కోపంతో రాశాను, తెలిశాక అహంకారంతో దిద్దలేదు. మంగళవారం ఆ క్లినిక్‌కి నీతో నేనూ వస్తాను.

శనివారం పదకొండింటికి అక్కను సాగనంపుతున్నారు. లోపలికి ఇంటివాళ్ళకే అనుమతి. నా పోస్టుకి చప్పట్లు కొట్టినవాళ్ళూ, అక్క నడిపించగా నడిచినవాళ్ళూ, అందరూ రండి. శ్మశానం గోడ బయట, మనిషికీ మనిషికీ మీటరున్నర దూరంలో, ప్రార్థన అయ్యేదాకా మన కాళ్ళ మీద మనం నిలబడదాం.