పాప డాక్టరుగారికి నేను రాసిన ఉత్తరం

మూడు నెలల మనవరాలు అన్యని నా ఒళ్లో పెట్టేది లేదని నా కన్నకూతురే తీర్పు చెప్పింది. ఆ అన్యాయాన్ని ఎదిరించబోయి అమెరికాలో, వాళ్లుండే ప్లెయిన్స్‌బరోలో నేను నవ్వులపాలైన వైనం చెబుతాను, వినండి. రెండేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు అరవై ఎనిమిదే. కుర్రతనం, ఏం చేస్తాం!

నలభై ఏళ్ల సిగరెట్లు మానేసి, పొగాకును కాల్చకుండా బ్యాటరీతో వేడిచేసే గొట్టమొకటి పట్టాను. ఇంత త్యాగానికి శాలువా కప్పుతారనుకున్నాను. మా సుజాత బాల్కనీ తలుపు చూపించింది.

"నాన్నా, అది కూడా ఇంట్లో వద్దు. పాపకి సెకండ్‌హ్యాండ్ స్మోక్."

"నిప్పు లేనిదే పొగ రాదన్నారు పెద్దలు. ఇందులో నిప్పెక్కడుందే?"

"నిప్పు లేదు, నికోటిన్ ఉంది. నువ్వు వదిలింది పీల్చేది పాపే కదా?"

"సిగరెట్ కంటే ఎంతో తక్కువ! లైబ్రరీలో చదివాను."

నా బడి చదువు ఎనిమిదితో ఆగింది. మిగిలిందంతా స్వార్జితం. అందుకే నా మాటకు తిరుగుండదు.

మా అల్లుడు శ్రీధర్ గాలి శుభ్రంచేసే యంత్రాన్ని హాల్లోకి ఈడ్చుకొచ్చాడు. "గొడవెందుకు మామయ్యా, టెస్ట్ చేద్దాం. పాప లోపల పడుకుంది."

ఒక్క దమ్ము లాగి వదిలాను. అంతదాకా యంత్రం మీద నీలంగా వెలుగుతున్న దీపం, విడిదింట్లో కాఫీ అందని మగపెళ్లివారిలా ముఖం మార్చుకుని నారింజ రంగుకు తిరిగింది. యంత్రం హోరెత్తిపోయింది.

"చూశారా మామయ్యా!"

"చూశాను. సిగరెట్టయితే ఎర్రబడేది. ఇది ఉత్త నారింజేగా!"

"నీలం నీలంగా ఉంటేనే పాప నీ ఒళ్లోకి వచ్చేది," అంది సుజాత.

కింది కోర్టులో న్యాయం జరగకపోతే పై కోర్టు ఉండనే ఉంది. శ్రీధర్ టాబ్లెట్‌లో పాప డాక్టరుగారికి మెసేజ్‌లు పంపే యాప్ తెరిచి ఉంది. ఒంటివేలితో రెండు గంటలు ఇంగ్లీషు దంచాను: "నలభై ఏళ్లు సిగరెట్లు తాగాను. ఇప్పుడు వేడిచేసే పొగాకుకు మారాను. దీనివల్ల పక్కవాళ్లకు భయం లేదని రాసివ్వండి. నా మనవరాలిని నాకివ్వడం లేదు. ఈ ఇంట్లో నన్నొక మనిషిగా చూడటం లేదు."

ఆ యాప్ ఎవరి పేరున తెరిచి ఉంటే, ఉత్తరం వాళ్లే రాసినట్టు వెళుతుందని నాకెవరైనా చెప్పారా?

మర్నాడు జవాబొచ్చింది. ఆ సాయంత్రమే గొట్టాన్ని చెత్తబుట్టకు ధారపోసి, ఇకపై ఏ పసిబిడ్డ పేరిటా, ఏ యాప్‌లోనూ పొగాకు తరఫున వకాల్తా పుచ్చుకోనని తూర్పుకు తిరిగి ప్రమాణం చేశాను. భోజనాల దగ్గర సుజాత నవ్వాపుకుంటూ పైకి చదివిన ఆ జవాబు ఇదీ:

"డియర్ అన్యా, మూడు నెలల వయసుకే నలభై ఏళ్ల పొగ అలవాటూ, ఒక మనవరాలూ ఉన్న పేషెంటును నేనింతవరకూ చూడలేదు. సిగరెట్ కంటే తక్కువంటే అసలు లేదని కాదు. పక్కవాళ్లకు అదీ చేరుతుంది. కాబట్టి పూర్తిగా మానెయ్యి. అందాకా మీ తాతగారిని ఎత్తుకోవద్దు."